మన పేరు మీద వచ్చే దొంగ బిల్లు

తపాలా శాఖలో పనిచేసినవాడికి ఒక అలవాటు పోదు. ఉత్తరం చేతికొస్తే లోపల ఏముందన్నది తర్వాత, ముందు పైన ఏముందో చూస్తాడు. ఎవరు పంపారు, ముద్ర ఎక్కడ పడింది, ఈ మనిషి చిరునామా పంపినవాడికి ఎలా దొరికింది. ధర్మవరం చుట్టుపక్కల పోస్టాఫీసుల్లో ఉద్యోగమంతా గడిపి రిటైరయ్యాక ఆ అలవాటు నాకు ఇంకో పనిలో అక్కరకొచ్చింది. మా బావమరిదికి ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉంది, దానికో వెబ్‌సైటు ఉంది. అంగడికి వచ్చే ఈమెయిళ్లు చదివి జవాబులు రాసే పని నాది. చీరలు అడుగుతూ వచ్చే మెయిళ్ల మధ్యలో ఇంకో రకం మెయిళ్లు వస్తుంటాయి. మీ వెబ్‌సైటు పేరుకు, అంటే డొమైనుకు, గడువు ముగుస్తోంది, ఇరవై నాలుగు గంటల్లో డబ్బు కట్టకపోతే పేరు పోతుంది అని. పంపినవాడు ఎవడో మాకు తెలియదు. వాడికి మాత్రం మా పేరూ తెలుసు, మా గడువు తేదీ కూడా తెలుసు.

ఎలా తెలిసిందని వెతుక్కుంటూ పోతే నలభై ఏళ్లు దాటిన చరిత్ర బయటపడింది. దాన్ని మా ఊరి వ్యాపారులందరూ తెలుసుకోవాలని నా కోరిక.

మోసపు ఉత్తరం ఈ కరువు సీమకు కొత్త కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దేవుడి పేరు మీద కార్డులు వచ్చేవి. ఇది చదివి ఇరవై ఒక్క మందికి రాయాలి, రాయకపోతే కీడు జరుగుతుంది, రాసినవాడికి లాటరీ తగిలింది అని. అందులో డబ్బు నష్టం లేదు, కార్డుల ఖర్చు తప్ప. అసలు నష్టం వీపీపీలో ఉండేది. వీపీపీ అంటే డబ్బు కట్టాకే పార్సిల్ చేతికిచ్చే పద్ధతి. విప్పి చూసి కడతానంటే కుదరదు, శాఖ నిబంధన అది. పత్రికల్లో ప్రకటన పడేది: తొమ్మిది గడులు నింపండి, ఎటు కూడినా పదిహేను రావాలి, సరిగా నింపినవారికి రేడియో. ఎవరు పంపినా గెలిచారనే జవాబొచ్చేది. కొన్నాళ్లకు పార్సిల్ వచ్చేది, విడిపించుకోవాలంటే ఇంత కట్టాలని. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లా ఇది. ఆ వానతో పండిన వేరుశనగ అమ్మిన డబ్బులోంచి ఆ మొత్తం తీసి కట్టిన రైతులను నేను కళ్లారా చూశాను. విప్పితే పలకని ప్లాస్టిక్ డబ్బా. వాళ్లు నమ్మింది పత్రికలో పేరును కాదు. పార్సిల్ మీద తపాలా ముద్ర ఉంది, తెచ్చినవాడు ఖాకీ చొక్కా వేసుకున్నాడు, కాబట్టి సర్కారు పంపిందే అనుకున్నారు. ఆ కంపెనీ మా శాఖ మీదున్న నమ్మకాన్ని అరువు తెచ్చుకుని అమ్ముకుంది.

డొమైన్ మోసం కూడా సరిగ్గా ఇలాంటి అరువు మీదే నడుస్తుంది. అయితే దానికి ముందు ఒక రిజిస్టరు కావాలి. ఎవరికి ఏముందో రాసిపెట్టిన పుస్తకం ఎక్కడ పుడితే, దాన్ని చదివి బెదిరించేవాడు అక్కడ పుడతాడు. ఈ సంగతి ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1800 అక్టోబరులో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక, థామస్ మన్రో అనంతపురంలో ఉండి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేశాడు. పొలం పొలం కొలిపించి, ఏ చెక్క ఎవరిది, దానికి శిస్తు ఎంత అని రైతు పేరున రాయించాడు. రైతు పేరు దస్త్రంలోకి ఎక్కడం గొప్ప మార్పు. కానీ ఆ దస్త్రం కరణం చేతిలో ఉండేది. అది చదవగలిగినవాడు చదవలేనివాడితో నీ పేరు మారిపోయింది, నీ గడువు దాటింది అంటే ఆ రైతు ఎవరిని అడగాలి? 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. 2015లో మీభూమి వెబ్‌సైటు వచ్చాక రైతు తన అడంగల్‌ను తానే చూసుకుంటున్నాడు. ఇన్నేళ్లు పట్టింది.

ఇంటర్నెట్‌లో ఈ కథ తిరగబడి నడిచింది. అక్కడ రిజిస్టరు మొదటి రోజు నుంచే అందరికీ తెరిచి ఉంది.

1982 మార్చిలో అమెరికాలో ఒక పత్రం వెలువడింది. దాని పేరు ఆర్ఎఫ్‌సీ 812. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన సమాచార కేంద్రం ఇంటర్నెట్‌కు ముందున్న అర్పానెట్ అనే వల వాడేవారందరి పేర్లు, తపాలా చిరునామాలు, ఫోన్ నంబర్లు, మెయిల్ పెట్టెలు ఒకచోట పెట్టేది. ఎవరు అడిగినా చెప్పే ఆ ఏర్పాటుకు ఈ పత్రం రూపమిచ్చింది. దాన్ని హూఈజ్ అన్నారు. అప్పట్లో ఆ వలలో ఉన్నవాళ్లు విశ్వవిద్యాలయాలవాళ్లు, పరిశోధకులు, సైన్యంవాళ్లు. ఒక యంత్రం చెడిపోతే దాని బాధ్యుడికి ఫోన్ చేయాలి కాబట్టి నంబరు ఉండాలి. అందులో దాపరికానికి కారణం లేదు. 1985 మార్చి 15న సింబాలిక్స్.కామ్ అనే మొదటి డాట్‌కామ్ పేరు నమోదైంది. పేర్లు పెరిగినా పుస్తకం మాత్రం తెరిచే ఉంది.

మోసానికి పునాది పడింది 1995 సెప్టెంబరులో అని నా అభిప్రాయం. అప్పటిదాకా పేరు నమోదుకు డబ్బు లేదు. ఆ నెల నుంచి నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంపెనీ రెండేళ్లకు వంద డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. డబ్బు వచ్చేసరికి గడువు వచ్చింది. గడువు వచ్చేసరికి జ్ఞాపకం చేసే ఉత్తరం వచ్చింది. అసలు జ్ఞాపిక లేకపోతే నకిలీ జ్ఞాపిక ఎక్కడిది?

అదే 1995లో ఇంకో సంగతి జరిగింది. గ్యారీ క్రెమెన్ అనే ఆయన అంతకు ముందు ఏడాది సెక్స్.కామ్ అనే పేరు నమోదు చేసుకున్నాడు. స్టీఫెన్ కోహెన్ అనేవాడు ఈ పేరు నాకిచ్చేశారంటూ ఒక దొంగ ఉత్తరం సృష్టించి నెట్‌వర్క్ సొల్యూషన్స్‌కు పంపాడు. కాగితం మీద రాసిన ఉత్తరమే. కంపెనీ యజమానిని ఒక్క మాట అడగకుండా పేరు మార్చేసింది. క్రెమెన్ కోర్టుకెళ్లి పేరు తిరిగి తెచ్చుకునేసరికి 2000 సంవత్సరం వచ్చింది. మరుసటి ఏడు కోర్టు కోహెన్‌ను ఆరున్నర కోట్ల డాలర్లు కట్టమంది. 2003లో అప్పీలు కోర్టు డొమైన్ పేరు కూడా ఆస్తేనని, అప్పగించిన కంపెనీకి బాధ్యత ఉండవచ్చని తేల్చింది. మా బజారులో ఈ తీర్పు సంగతి చెబితే వ్యాపారులు శ్రద్ధగా విన్నారు. అంగడి మీద బోర్డు ఊడదీసి ఎవడో తీసుకుపోతే ఎవరూ ఊరుకోరు. ఆ బోర్డుకున్న విలువ ఈ పేరుకు కూడా ఉందని కోర్టు చెప్పింది.

1998లో డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకోవడానికి ఐకాన్ అనే సంస్థ ఏర్పడింది. 1999లో పేర్లు నమోదు చేసే పని ఒకే కంపెనీ చేతిలోంచి పోయి అనేక కంపెనీలకు వచ్చింది. వీటిని రిజిస్ట్రార్లు అంటారు. ధర తగ్గింది, అది మంచిదే. కానీ ఇక మీదట ఒకరి దగ్గరున్న పేరును ఇంకొకరి దగ్గరికి మార్చవచ్చు. ఒకే కంపెనీ ఉన్నప్పుడు బిల్లు ఎవరిదన్న సందేహం రాదు. పది కంపెనీలు ఉన్నప్పుడు, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కట్టే బిల్లు ఎవరిదో ఎంతమందికి గుర్తుంటుంది?

ఆ మరుపు మీద పెద్ద వ్యాపారం లేచింది. కెనడాలో ఉన్న డొమైన్ రిజిస్ట్రీ ఆఫ్ అమెరికా అనే కంపెనీ హూఈజ్ పుస్తకం నుంచి యజమానుల పేర్లు, చిరునామాలు, గడువు తేదీలు తీసుకుని లక్షణమైన కాగితపు ఉత్తరాలు పంపింది. పేరు చూస్తే అమెరికా సర్కారు ఆఫీసు అనిపిస్తుంది. చిరునామా న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోది. ఉత్తరం అచ్చంగా బిల్లులా ఉంటుంది: మీ డొమైన్ పేరు, గడువు తేదీ, కట్టాల్సిన మొత్తం, చించి పంపే చీటీ. అది నిజానికి రెన్యువల్ బిల్లు కాదు. సంతకం చేసి డబ్బు పంపితే మీ పేరును మీ కంపెనీ నుంచి తమ దగ్గరికి మార్చుకోమని అనుమతి ఇచ్చినట్టు. ధర మామూలు ధరకు రెట్టింపు పైనే. ఆ మార్పు ఏ కారణంతో కుదరకపోయినా కొంత రుసుం ఉంచేసుకునేవారు, ఆ సంగతి ముందు చెప్పేవారు కాదు. 2003 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీని కోర్టుకు లాగి, మోసపోయినవారికి డబ్బు తిరిగి ఇచ్చేలా, ఇక మీదట తప్పుదారి పట్టించే ఉత్తరాలు పంపకుండా ఆదేశం తెచ్చింది.

ఆగిందా? లేదు. అలాంటి పేర్లతోనే, అదే అచ్చులో ఉత్తరాలు ఏళ్ల తరబడి దేశదేశాలకు వెళ్లాయి. 2014 జులైలో ఐకాన్ బ్రాండన్ గ్రే అనే కెనడా రిజిస్ట్రార్ మీద చర్య తీసుకుంది. దాని తరఫున పేర్లు అమ్మే రీసెల్లర్లు పంపిన మోసపు నోటీసులే కారణం. తొంభై రోజులు కొత్త పేర్లు నమోదు చేయడానికి, బయటి పేర్లు తమ దగ్గరికి మార్చుకోవడానికి వీల్లేదంది. కోర్టు ఆదేశానికి పదేళ్ల తర్వాత ఈ చర్య! ఈ పదేళ్లలో ఎంతమంది చిన్న వ్యాపారులు చీటీ చించి చెక్కు జత చేసి పంపి ఉంటారో తలుచుకుంటే నాకు బాధేస్తుంది. తెచ్చిచ్చిన పోస్టుమ్యానుకు కూడా లోపల ఏముందో తెలియదు.

మన దేశానికి ఈ వల ఆలస్యంగా తెరుచుకుంది. వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. డాట్ ఇన్ పేర్లు మాత్రం చాలాకాలం కట్టుదిట్టంగా ఇచ్చేవారు. 1992 నుంచి 2004 దాకా నమోదైనవి ఏడు వేల చుట్టే. 2005లో నిక్సీ సంస్థ చేతికి వచ్చాక నిబంధనలు సడలాయి, ఎవరైనా కొనుక్కోవచ్చన్నారు. ధర్మవరం, హిందూపురం, అనంతపురం వ్యాపారుల చేతికి ఈ పేర్లు వచ్చింది ఆ తర్వాతనే.

ధర్మవరంలో మగ్గం ఎందుకు ఇంత విస్తరించిందో ఇక్కడివాళ్లకు తెలుసు. వాన తప్పిన ఏళ్లలో సేద్యం వదిలి, నేత కులం కాని కుటుంబాలు కూడా గుంత మగ్గంలో కూర్చున్నాయి. లేపాక్షి చెక్కడాల్లోంచి అంచులు తీసుకున్న చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా మరమగ్గం నకలు కంచి, బెంగళూరు అంగళ్లలో ధర్మవరం పేరుతోనే అమ్ముడుపోతుంది. దళారి మధ్యలో లేకుండా కొనేవాళ్లకు నేరుగా అమ్ముకోవడానికి నేతన్నకు మిగిలిన దారుల్లో వెబ్‌సైటు ఒకటి. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబం పెళ్లి చీరలు అడగాలంటే ఆ పేరు కొట్టి చూస్తుంది. ఆ పేరు పోతే అంగడి బంద్ అయినట్టే. అందుకే ఈ మెయిల్ చూడగానే మావాళ్లకు గుండె జారుతుంది. మోసగాడికి కావలసిందీ ఆ భయమే.

మా అంగడికి వచ్చేవాటిలో కొన్ని రకాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. చైనా నుంచో హాంకాంగ్ నుంచో రాసినట్టుండే ఒకటి 2000 దశకం మధ్య నుంచి ప్రపంచమంతా తిరుగుతోంది. ఏదో కంపెనీ మీ పేరుతో డాట్ సీఎన్, డాట్ ఏషియా పేర్లు కావాలని మాకు దరఖాస్తు పెట్టింది, మీరు వద్దంటే ఏడు రోజుల్లో చెప్పండి అని ఎంతో మర్యాదగా ఉంటుంది. జవాబు రాస్తే ఆ పేర్లన్నీ మీరే కొనుక్కోమని ఎక్కువ ధర చెబుతారు. ఆ దరఖాస్తుదారు ఉండడు. రిజిస్ట్రారు ఎవరూ దరఖాస్తు వచ్చిందని దూరదేశంలో చీరల అంగడి వెతికి అనుమతి అడగరు. ముందు వచ్చినవాడికి పేరు ఇచ్చేస్తారు, అంతే.

ఇంకొకటి ఆఖరి నోటీసు అన్న మాటతో మొదలవుతుంది. పైన మా డొమైన్ పేరు, కింద గడువు తేదీ, మధ్యలో డాలర్ల లెక్క. అడుగున సన్న అక్షరాలు చదివితే అది సెర్చ్ ఇంజన్లలో పేరు చేర్చే సేవకట. గూగుల్ తన జాబితాలో కనిపించడానికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోదు.

మూడో రకం ఆశ చూపిస్తుంది. మీ పేరు యాభై వేల డాలర్లకు కొంటాం, ముందు ఫలానా చోట విలువ కట్టించి సర్టిఫికెట్ తెండి అంటుంది. సర్టిఫికెట్ ఇచ్చేవాడూ కొంటాననేవాడూ ఒక్కరే. రాయలసీమలో రైస్ పుల్లింగ్ పేరుతో ఎన్ని ఇళ్లు గుల్లయ్యాయో మనకు తెలుసు. బియ్యాన్ని లాగే రాగి చెంబు కోట్లకు అమ్ముడవుతుంది, ముందు సైంటిస్టు వచ్చి పరీక్ష చేయడానికి ఖర్చు పెట్టుకోవాలి అని చెప్పేవారు. అమ్మకం ఎప్పుడూ జరగదు. పరీక్ష ఖర్చే వాళ్ల రాబడి.

అన్నిటికంటే ప్రమాదం మన రిజిస్ట్రారు పేరుతోనే, వాళ్ల బొమ్మతోనే వచ్చే మెయిల్. లింకు నొక్కితే వాళ్ల పేజీలాంటి పేజీ వస్తుంది. పాస్‌వర్డ్ కొట్టామా, ఇక డబ్బు ఒక్కటే కాదు, పేరే పోతుంది. పేరు చేయి మారితే ఏమవుతుందో 2005 జనవరిలో న్యూయార్క్‌లో పానిక్స్ అనే పాత ఇంటర్నెట్ కంపెనీకి అనుభవమైంది. వాళ్లకు తెలియకుండా పానిక్స్.కామ్ ఇంకో ఖండంలోని రిజిస్ట్రారు దగ్గరికి మారిపోయింది. వెబ్‌సైటు ఒక్కటే కాదు, ఖాతాదారుల మెయిళ్లన్నీ దారి తప్పాయి. వారాంతం కావడంతో సరిదిద్దేవాళ్లు వెంటనే దొరకలేదు. ఇప్పుడు రిజిస్ట్రారు ఖాతాలో ట్రాన్స్‌ఫర్ లాక్ అని ఒక మీట ఉంటుంది. అది వేసి ఉంచితే పేరు ఊరికే కదలదు.

2018 మే 25న ఐరోపా వ్యక్తిగత సమాచార చట్టం అమల్లోకి రావడంతో హూఈజ్‌లో యజమానుల పేర్లు, చిరునామాలు చాలావరకు మరుగున పడ్డాయి. 2025 జనవరి 28 నుంచి డాట్‌కామ్ లాంటి పేర్లకు పాత హూఈజ్ తప్పనిసరి కూడా కాదు, ఆర్‌డ్యాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది. అయినా మెయిళ్లు ఆగలేదు. గడువు తేదీ ఇప్పటికీ బయట కనిపిస్తుంది. చిరునామా, ఫోన్ నంబరు మనమే వెబ్‌సైటులో పెద్ద అక్షరాలతో పెట్టుకుంటాం, పెట్టుకోకపోతే కొనేవాడు ఎలా వస్తాడు?

నా అనుభవంలో మా ప్రాంతంలో అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మా బావమరిది ఒక ఉదయం ఇలాంటి మెయిల్ చూపించాడు.

“బావా, అమెరికా నుంచి బిల్లు వచ్చిండాది. కట్టల్లా వద్దా?”

“మన పేరు ఎవురి దగ్గర రిజిస్టర్ అయిందో చెప్పు ముందు.”

“వెబ్‌సైటు చేసిన పిల్లోడు చూసుకున్యాడు కదా. వాడిప్పుడు బెంగళూర్లో ఉండాడు.”

ఇదీ సంగతి. అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు సెలవుల్లో అంగళ్లకు వెబ్‌సైట్లు చేసిపెడతారు. డొమైన్ తమ ఈమెయిల్ మీద, తమ కార్డుతో కొంటారు. వాళ్లకు దురుద్దేశం ఉండదు, పని త్వరగా అవుతుందని అలా చేస్తారు. ఉద్యోగం వచ్చి వెళ్లిపోతారు. అసలైన గడువు మెయిల్ వాళ్ల పాత ఖాతాకు పోతుంది, ఎవరూ చూడరు. దొంగ మెయిల్ మాత్రం వెబ్‌సైటులో రాసిన అంగడి చిరునామాకు వస్తుంది. అంటే యజమాని కంటికి పడేది దొంగ బిల్లు ఒక్కటే. నిజమైన బిల్లు ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని మనిషి దొంగదాన్ని ఎలా పోల్చుకుంటాడు?

మేము చేసింది ఇది. ఐకాన్ నడిపే లుకప్ పేజీలో అంగడి పేరు కొట్టాం. యజమాని వివరాలు దాచి ఉన్నా, రిజిస్ట్రారు ఎవరు, గడువు ఎప్పుడు అన్న రెండూ అక్కడ కనిపించాయి. బిల్లు పంపినవాడి పేరు ఆ రిజిస్ట్రారు పేరు కాదు. ఏ పుస్తకం చూసి వాడు మమ్మల్ని బెదిరించాడో ఆ పుస్తకమే వాడు ఎవరూ కాదని చెప్పింది. డాట్ ఇన్ పేరైతే నిక్సీ రిజిస్ట్రీ పేజీలో ఇలాగే చూడవచ్చు. తర్వాత బెంగళూరు పిల్లవాడికి ఫోన్ చేశాం. పాపం, వెంటనే ఖాతా మా బావమరిది ఈమెయిల్ మీదికి మార్చాడు. పాస్‌వర్డ్ మార్చాం, ఫోనుకు ఓటీపీ వచ్చేలా పెట్టాం, లాక్ వేశాం. రిజిస్ట్రారు పాత బిల్లు ఒకటి ప్రింటు తీసి గల్లాపెట్టె మూతకు లోపలివైపు అంటించాం. అందులో రిజిస్ట్రారు పేరు, జీఎస్‌టీ నంబరు, రూపాయల్లో లెక్క ఉన్నాయి. కొత్తగా ఏ బిల్లు వచ్చినా దానితో పోల్చి చూస్తాడు. మెయిల్‌లో లింకు నొక్కడు, రిజిస్ట్రారు పేజీ తానే తెరిచి చూస్తాడు.

ఇరవై నాలుగు గంటల బెదిరింపు గురించి కూడా చెప్పాలి. డాట్‌కామ్ లాంటి పేర్లకు ఐకాన్ నియమం 2013 నుంచి స్పష్టంగా ఉంది. గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, కట్టకపోతే గడువు దాటిన అయిదు రోజుల్లోపు ఇంకోసారి రిజిస్ట్రారు గుర్తుచేయాలి. పేరు రద్దయ్యాక కూడా ముప్పై రోజులు విడిపించుకునే వీలుంది. దానికి రుసుం చాలా ఎక్కువ, ఆలోపు వెబ్‌సైటు పనిచేయదు, కాబట్టి అశ్రద్ధ చేయకూడదు. కానీ రాత్రికి రాత్రి పేరు గల్లంతు కాదు. ఒకేసారి పదేళ్లదాకా కట్టుకోవచ్చు కూడా.

ఇప్పటికే డబ్బు పంపినవాళ్లు సిగ్గుపడి దాచుకోవడం నేను చూస్తున్నాను. వీపీపీ రోజుల్లోనూ ఇంతే, పార్సిల్ విప్పి చూసి ఎవరికీ చెప్పకుండా అటక మీద పడేసేవారు. దయచేసి అలా చేయొద్దు. వెంటనే 1930కు ఫోన్ చేయాలి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి, కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుకు చెప్పి అభ్యంతరం రాయించాలి, పాస్‌వర్డ్ ఎక్కడైనా కొట్టి ఉంటే మొదట అది మార్చాలి. కంప్యూటర్ ద్వారా వేరొకరి వేషం వేసి మోసం చేయడం ఐటీ చట్టం 66డి సెక్షను కింద నేరం. డబ్బు ఎంత త్వరగా ఆపగలిగితే అంత తిరిగొచ్చే అవకాశం ఉంటుంది.

మా బజారులో వెబ్‌సైటు ఉన్న అంగళ్లవాళ్లను ఒక్కొక్కరినే అడుగుతున్నాను, మీ పేరు ఎవరి ఖాతాలో ఉందని. చాలామంది ఆగి ఆలోచిస్తారు, కొడుకునో మేనల్లుణ్నో పిలుస్తారు. శ్రావణ మాసం పెళ్లిళ్ల బేరం మొదలైతే ఎవరికీ తీరిక ఉండదు. ఆలోపే అందరి పేర్లూ వాళ్ల వాళ్ల ఖాతాల్లోకి తెప్పించాలని పట్టుదలగా తిరుగుతున్నాను.